తెలుగు మీడియం, లాప్‌టాప్ లేదు, లెక్కలు రావు: డిగ్రీలో కంప్యూటర్స్ మానేయాలా?

నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ. పలాస దగ్గర ఊరు, ఇంటర్ బైపీసీ తెలుగు మీడియం, ఇప్పుడు శ్రీకాకుళంలో డిగ్రీ కంప్యూటర్ సైన్స్. మొదటి సెమిస్టర్‌లో కంప్యూటర్ ఫండమెంటల్స్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, చివర్లో ఒక చిన్న ఆప్ ప్రాజెక్ట్. క్లాసులు మొదలై నెలైంది, ఏదీ బుర్రకెక్కడం లేదు. ఇంట్లో లాప్‌టాప్ లేదు. లెక్కలు పదో తరగతితోనే ఆగిపోయాయి. పక్క బెంచీ వాళ్లు ముందే కోచింగ్ తీసుకుని వచ్చారు. అందుకని గ్రూపు మార్చేసుకోనా అంటున్నావు.

మార్చుకోకమ్మా. నేను విజయనగరంలో డిగ్రీ పిల్లలకు ఇరవై రెండేళ్లుగా ఈ సబ్జెక్టే చెబుతున్నాను. మా అమ్మాయి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నువ్వు చెప్పిన మూడు భయాల్లో ఏదీ గ్రూపు మార్చుకోవాల్సినంత పెద్దది కాదు. నువ్వు చెప్పని నాలుగోది ఒకటుంది, అసలు దెబ్బ తీసేది అదే. మన దగ్గర ప్రోగ్రాములు బట్టీ పట్టిస్తారు.

నేనూ అదే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో బోర్డు మీద ప్రోగ్రామ్ రాసేదాన్ని, పిల్లలు రికార్డులో దించుకునేవాళ్లు, పరీక్షకు అదే వచ్చేది. ఒక ఏడాది ప్రాక్టికల్స్‌లో ఒక అమ్మాయి కూడిక ప్రోగ్రామ్ తడుముకోకుండా రాసింది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన మాస్టారు "ఇందులో రెండు అంకెలు కాకుండా మూడు కూడాలంటే ఏం మారుస్తావమ్మా?" అన్నారు. ఆ పిల్ల నా వైపు చూసింది. "అది రికార్డులో లేదు మేడమ్" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తప్పు ఆమెది కాదు, నాది. ఆ రోజు నుంచి నా క్లాసులో ప్రోగ్రామ్ రన్ చేసే ముందు కాగితం మీద జవాబు రాయాలి. ఏం వస్తుందో ముందు నువ్వు చెప్పాలి, ఆ తర్వాతే సిస్టమ్ ముట్టుకోవాలి. నీకు నేర్పాల్సింది కూడా ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చూద్దాం.

ఈ నాలుగు లైన్లు చూడు. అంకెలు ఉదాహరణకు వేసినవి మాత్రమే.

కిలోలు = 12
రేటు = 30
కూలి = కిలోలు * రేటు
రేటు = 35

ఇప్పుడు కూలి ఎంత? ఫోన్ తీయకుండా కాగితం మీద రాయి.

క్లాసులో అడిగితే చాలామంది 420 అంటారు. రేటు 35 అయింది కదా, పన్నెండు ముప్పైఅయిదులు నాలుగొందల ఇరవై అని. జవాబు 360. లెక్కల పుస్తకంలో ఆ రెండు గీతలకు సమానం అని అర్థం. ఇక్కడ అర్థం వేరు: కుడివైపున్న లెక్క కట్టి, వచ్చినదాన్ని ఎడమవైపు పేరున్న డబ్బాలో వేయి అని. మూడో లైన్ దగ్గర 12ను 30తో గుణించి 360ని కూలి డబ్బాలో వేసేశాం. తర్వాత రేటు మారిందన్న సంగతి ఆ డబ్బాకు తెలియదు. మళ్లీ లెక్క కట్టమని ఎవరూ చెప్పలేదు కాబట్టి అది కట్టదు. కాగితం మీద మూడు గళ్లు గీసి, పైన కిలోలు, రేటు, కూలి అని రాసి, ఒక్కో లైన్ చదువుతూ గడిలో అంకె మారుస్తూ పో. పాత అంకెను కొట్టేసి కొత్తది రాయి. దీన్నే ట్రేసింగ్ అంటాం. మొదటి రెండు నెలలు రోజుకు అరగంట ఈ పని చేసిన పిల్లలు సప్లీ రాయడం నేను చూడలేదు.

ఇంకో సంగతి గమనించావా? పై లైన్లు తెలుగులోనే ఉన్నాయి. పైథాన్ 3లో డబ్బాలకు తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు, ఈ నాలుగూ ఇలాగే టైప్ చేస్తే నడుస్తాయి. పరీక్షలోనూ రేపు ఉద్యోగంలోనూ ఇంగ్లీషు పేర్లే వాడాలి, అది వేరే విషయం. అర్థమయ్యే వరకు తెలుగులో పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. ప్రోగ్రామ్ లోపల గమనికలు మాత్రం నాలుగేళ్లూ తెలుగులోనే రాసుకో. "ఇక్కడ ఖాళీ వస్తే ఆగిపోతోంది, రేపు చూడాలి" అని మన మాటల్లో రాసుకున్నది పది రోజుల తర్వాత చదివినా అర్థమవుతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది మీ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. చదువు వాడుక భాషలో సాగాలని ఆయన జీవితమంతా పోరాడారు. సవరల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తాను సవర భాష నేర్చుకున్నారు. నీ ఆలోచన నీ భాషలో సాగడానికి మొహమాటపడకు.

ఇక ఇంగ్లీషు భయం. పైథాన్‌లో కీవర్డులు 35. అంటే ఆ భాషకు సొంతమైన మాటలు, అంతే. ఇఫ్, ఎల్స్, ఫర్, వైల్, రిటర్న్ లాంటివి. మొదటి సెమిస్టర్‌లో వాటిలో సగం కూడా వాడవు. నిజంగా చదవాల్సిన ఇంగ్లీషు ఎర్రర్ మెసేజ్‌లది. ఎర్రర్ రాగానే పిల్లలు కంగారుపడి మొత్తం చెరిపేస్తారు. అలా చేయకు. మెసేజ్‌లో అన్నిటికన్నా కింద ఉన్న లైన్ ముందు చదువు. అందులో మొదటి మాట నేమ్‌ఎర్రర్ అయితే పేరు తప్పుగా రాశావు, లేదా ఆ పేరుతో డబ్బా ఇంకా తయారు చేయలేదు. టైప్‌ఎర్రర్ అయితే చాలాసార్లు అంకెనూ అక్షరాలనూ కలపబోయావని. ఇండెంటేషన్‌ఎర్రర్ అయితే లైన్ మొదట్లో వదలాల్సిన జాగాలో తేడా ఉంది. దాని పైన లైన్ నంబర్ ఉంటుంది, అక్కడికి వెళ్లి చూడు. అక్కడ ఏమీ కనబడకపోతే ఒక లైన్ పైకి వెళ్లు, బ్రాకెట్ మూయడం మర్చిపోయి ఉంటావు. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టి, వచ్చిన ప్రతి ఎర్రరూ, దానికి కారణం, తేదీ వేసి రాసుకో. డిసెంబర్ వచ్చేసరికి నీ క్లాసులో అందరూ నీ దగ్గరికే వస్తారు.

ఎర్రర్ రాకుండానే తప్పు జవాబు వచ్చే చోట్లు ఇంకా ముఖ్యం. రెండు చెబుతాను, రెండూ నీకు ఈ నెలలోనే ఎదురవుతాయి. ఇన్‌పుట్ అనే మాటతో 5, 3 తీసుకుని కూడితే 8 రాదు, 53 వస్తుంది. ఇన్‌పుట్ తెచ్చేది ఎప్పుడూ అక్షరాలనే. రెండు అక్షరాలను కూడితే పక్కపక్కన అంటుకుంటాయి. ముందు ఇంట్ అనేదానితో అంకెగా మార్చాలి. రెండోది, వరసగా అంకెలు ఇచ్చే రేంజ్‌లో 1, 5 అని ఇస్తే 5 వరకు పోదు, 4 దగ్గరే ఆగుతుంది. అంకెలన్నీ కూడితే 15 వస్తుందనుకుంటావు, 10 వస్తుంది. కాగితం మీద గళ్లు గీసేవాళ్లు దీన్ని నిమిషంలో పట్టేస్తారు.

లెక్కల సంగతి. నీకు కావాల్సింది కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, శేషం. శేషం ఎందుకంటే, 135 నిమిషాలంటే ఎన్ని గంటల ఎన్ని నిమిషాలు అన్న లెక్క ప్రోగ్రామింగ్‌లో రోజూ వస్తుంది. 60తో భాగిస్తే 2, శేషం 15. ఇది నీకు ఐదో తరగతిలోనే వచ్చు. క్యాలిక్యులస్, త్రికోణమితి ఈ సెమిస్టర్‌లో అడ్డురావు. కావాల్సింది షరతులను వరసలో పెట్టడం, దానికి మీ ఊళ్లోనే మంచి బడి ఉంది.

పలాస జీడిపప్పు గ్రేడులు చూసే ఉంటావు. 180, 210, 240, 320, 450 అని పెట్టెల మీద ఉంటాయి. విరగని పప్పు ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, గరిష్ఠంగా ఎన్ని తూగుతాయో ఆ అంకె. అంకె తక్కువైతే పప్పు పెద్దది, ధర ఎక్కువ. అసలు గ్రేడింగ్‌లో రంగు, విరుగుడు, తేమ కూడా చూస్తారు, ఇక్కడ ఒక్క లెక్కే తీసుకుందాం. ప్రోగ్రామ్ ఇలా అడగాలి: లెక్క 180 లోపా? అయితే 180 గ్రేడు. కాదా, 210 లోపా? కాదా, 240 లోపా? ఇలా 450 వరకు. ఒక పిల్లవాడు ఇదే తిరగేసి రాశాడు. ముందు 450 లోపా అని అడిగాడు. పౌనుకు 175 తూగే మేలిరకం పప్పు వచ్చింది. 175 కూడా 450 లోపే కదా! ప్రోగ్రామ్ మొదటి ప్రశ్న దగ్గరే అవునంది, మేలిరకం పప్పును తీసుకెళ్లి చౌక పెట్టెలో వేసింది. ఎర్రర్ ఏమీ రాలేదు. ప్రోగ్రామ్ చక్కగా నడిచింది, యజమాని మునిగాడు. షరతులు అడిగే ఇఫ్, ఎలిఫ్, ఎల్స్ గురించి పుస్తకంలో పది పేజీలు చదివినదానికన్నా ఈ ఒక్క తప్పును చేత్తో ట్రేస్ చేస్తే ఎక్కువ తెలుస్తుంది. ముందు ఇరుకు షరతు, తర్వాత వెడల్పు షరతు.

లాప్‌టాప్ గురించి గట్టిగా చెబుతున్నాను, అప్పు చేసి కొనిపించకు. మొదటి ఏడాదికి ఫోన్, కాలేజీ ల్యాబ్ చాలు. ఫోన్లో పైడ్రాయిడ్ 3 అనే ఆప్ వేసుకుంటే నెట్ లేకపోయినా పైథాన్ నడుస్తుంది. నెట్ ఉంటే బ్రౌజర్‌లో గూగుల్ కోలాబ్ ఉంది. ఫోన్లో ఒక చిక్కుంది. కీబోర్డు ప్రతి లైన్ మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చేసేస్తుంది. ప్రింట్ అన్న మాటలో మొదటి పి పెద్దదైతే పైథాన్‌కు అది వేరే పేరు, నేమ్‌ఎర్రర్ ఇస్తుంది. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటో క్యాపిటలైజేషన్, ఆటో కరెక్ట్ రెండూ ఆపేయి. మా పిల్లలు కొందరు వారం రోజులు దీనితోనే తల పట్టుకున్నారు. ల్యాబ్ ఖాళీగా ఉన్న గంటలు ఏవో అటెండర్‌ను అడిగి తెలుసుకో. ల్యాబ్‌కు వెళ్లేటప్పుడు కాగితం మీద ప్రోగ్రామ్ రాసుకునే వెళ్లు, అక్కడ కూర్చుని ఆలోచిస్తే ఉన్న గంట కాస్తా అయిపోతుంది.

ఫండమెంటల్స్ పేపర్ చప్పగా ఉందన్నావు. బిట్లు, బైట్లు, యూనికోడ్ అని నిర్వచనాలు చదివితే ఎవరికైనా చప్పగానే ఉంటుంది. ఇది చేసి చూడు. పైథాన్‌లో శ్రీకాకుళం అని కోట్స్ మధ్య రాసి దాని పొడవెంతో లెన్‌తో అడుగు. మనం చదివితే శ్రీ, కా, కు, ళం, నాలుగక్షరాలు. పైథాన్ 10 అంటుంది. ఎందుకంటే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్నా, ఇలా ఒక్కోదానికీ యూనికోడ్ అనే అక్షరాల నంబర్ల పట్టికలో విడి నంబర్ ఉంది. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచితే ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 30. ఫోన్‌లో మామూలు ఎస్ఎంఎస్‌కు 140 బైట్లే ఉంటాయి, బైటుకు 8 బిట్లు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కోటి 7 బిట్లలో సర్దుకుంటాయి కాబట్టి 160 పడతాయి. తెలుగుకు ఒక్కోదానికి 16 బిట్లు పట్టడంతో 70కే నిండిపోతుంది, మన కొమ్ములూ దీర్ఘాలూ కూడా అందులో లెక్కే.

ఇంకోటి, ఇది నాకు చాలా ఇష్టమైనది. ప్రతి రికార్డులో పాలిండ్రోమ్ ప్రోగ్రామ్ ఉంటుంది, ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే మాట కనిపెట్టేది. దానికి వికటకవి ఇవ్వు. తెనాలి రామకృష్ణుడి బిరుదు, చిన్నపిల్లలకు కూడా తెలుసు అది రెండువైపులా ఒకటేనని. రికార్డులోని ప్రోగ్రామ్ కాదంటుంది! కాగితం మీద విడదీసి చూడు: వ, గుడి, క, ట, క, వ, గుడి. తిరగేస్తే మొదట గుడి వస్తుంది, తర్వాత వ. రెండూ ఒకటి కావు. ప్రోగ్రామ్‌లో తప్పు లేదు, అది అక్షరాలను చూడటం లేదు, కోడ్ నంబర్లను చూస్తోంది. మరి వికటకవిని గుర్తుపట్టాలంటే ముందు గుడినీ కొమ్మునూ వాటి ముందున్న హల్లుతో కలిపి ఒక మూటగా కట్టి, ఆ మూటలను తిరగేయాలి. మొదటి సెమిస్టర్‌లో ఇది నువ్వు రాయగలిగితే ఆ రోజు నాకు తప్పకుండా చెప్పు.

ఆప్ ప్రాజెక్ట్‌కు వస్తాను. ఫోన్ ఆప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో వేసుకోమని ఎవరో అని ఉంటారు. ఇప్పుడే వద్దు. 8 జీబీ ర్యామ్ ఉన్న మిషన్ మీద కూడా అది ఎమ్యులేటర్‌తో, అంటే కంప్యూటర్ తెర మీదే నడిచే ఉత్తుత్తి ఫోన్‌తో కలిసి నడవాలంటే ఆయాసపడుతుంది, కాలేజీ ల్యాబ్ సిస్టమ్‌ల సంగతి చెప్పక్కర్లేదు. ఎంఐటీ ఆప్ ఇన్వెంటర్‌తో మొదలుపెట్టు. గూగుల్‌లో పుట్టి తర్వాత అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీకి చేరింది, ఉచితం, బ్రౌజర్‌లో నడుస్తుంది. రంగు బ్లాకులను లాగి అతికిస్తూ ప్రోగ్రామ్ కడతావు. ఫోన్ బ్రౌజర్‌లో బ్లాకులు లాగడం కష్టం, దీనికి మాత్రం ల్యాబ్ సిస్టమ్ కావాలి. ల్యాబ్ వైఫై నీ ఫోన్‌కు అందితే దానికి తోడుగా ఫోన్లో వేసుకునే కంపానియన్ ఆప్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి అప్పటికప్పుడు ఫోన్‌లో చూసుకోవచ్చు. లేకపోతే ఏపీకే ఫైల్ తయారుచేసి ఫోన్లోకి ఎక్కించుకో.

బ్లాకులు చిన్నపిల్లల ఆట అని పక్క బెంచీ వాళ్లు అంటారు. పట్టించుకోకు. హార్వర్డ్‌లో పేరున్న సీఎస్50 కోర్సు మొదటి పాఠం బ్లాకులతో నడిచే స్క్రాచ్‌తోనే మొదలవుతుంది. సెమికోలన్ ఎక్కడ పెట్టాలన్న టెన్షన్ పక్కకు పోతే ఆలోచన మీద దృష్టి నిలుస్తుంది.

ఆప్‌లో నువ్వు పట్టుకోవాల్సిన కొత్త విషయం ఒకటే. ఇప్పటిదాకా రాసిన పైథాన్ ప్రోగ్రామ్ పై నుంచి కిందికి నడిచి అయిపోతుంది. ఆప్ అలా కాదు. తెరిచిన కొట్లో కూర్చున్న షావుకారులాగా ఎదురుచూస్తుంది. ఎవరైనా వచ్చి బటన్ నొక్కితే లేచి ఆ పని చేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. ఏ బ్లాక్ ముందు పెట్టావు, ఏది వెనక పెట్టావు అన్నదానితో పని లేదు, ఏ సంఘటనకు ఏ పని అన్నదే ముఖ్యం. దీన్నే ఈవెంట్ అంటారు.

ప్రాజెక్ట్‌కు క్యాలిక్యులేటర్, క్విజ్ వద్దు, వందమంది అవే పెడతారు. మీ నాన్నగారు జీడి ఫ్యాక్టరీకి వెళ్తారన్నావు కదా, ఆయన రోజు కూలి లెక్క రాసుకునే ఆప్ చెయ్యి. టైప్ చేసే గళ్లు, అంటే టెక్స్ట్‌బాక్సులు రెండు, ఒక బటన్, జవాబు చూపించే లేబుల్ ఒకటి. కిలోలు వేసి, రేటు వేసి, నొక్కితే కూలి. టెక్స్ట్‌బాక్సులో అంకెలే పడేలా ఒక టిక్ ఉంటుంది, పెట్టు. అయినా చాలదు. నాన్నగారి చేతికి ఫోన్ ఇచ్చి పక్కన కూర్చో, ఒక్క మాట చెప్పకు. ఆయన రేటు వేయకుండా బటన్ నొక్కుతారు. ఖాళీతో గుణించలేక ఆప్ ఎర్రర్ ఇస్తుంది. తప్పు ఆయనది కాదు, ఖాళీ వస్తే ఏం చేయాలో నువ్వు చెప్పలేదు. ఖాళీగా ఉందా అని ముందు అడిగి, ఉంటే "రేటు వేయండి" అని లేబుల్ మీద చూపించు.

రెండో రోజు ఇంకో సంగతి బయటపడుతుంది. బొబ్బిలి నుంచి వచ్చే మా స్టూడెంట్ ఒకడు వాళ్ల కిరాణా కొట్టుకు అరువు ఖాతా ఆప్ చేశాడు. వాళ్లమ్మ సాయంత్రమంతా పేర్లూ బాకీలూ ఎక్కించింది. పొద్దున్న తెరిస్తే ఒక్క పేరూ లేదు. పిల్లవాడు అన్నీ ఒక లిస్ట్‌లో పెట్టాడు. లిస్ట్ ఉండేది ర్యామ్‌లో, ఆప్ మూస్తే అది పోతుంది. ఫోన్ స్టోరేజ్‌లో నిలవాలంటే టైనీడీబీ అనే భాగానికి అప్పగించాలి. ర్యామ్‌కూ స్టోరేజ్‌కూ తేడా రాయమంటే వాడు పరీక్షలో రెండు పేజీలు రాయగలడు, తన ఆప్‌లో మాత్రం ఆ తేడా తోచలేదు. వాళ్లమ్మ ఏమీ అనకుండా పాత చీటీలు తీసుకుని మళ్లీ మొదటి నుంచి ఎక్కించిందట. ఆ మాట చెబుతుంటే వాడి గొంతు పూడుకుపోయింది. నువ్వు మొదటి రోజే టైనీడీబీ పెట్టు.

చాట్‌జీపీటీ వాడొచ్చా అని కూడా అడిగావు. ప్రోగ్రామ్ రాసిపెట్టమని అడగకు, ఈ ఏడాది మాత్రం వద్దు. అది రాసింది దించుకోవడానికీ రికార్డు దించుకోవడానికీ తేడా లేదు. నువ్వు రాసింది ఇచ్చి, "ఈ లైన్ ఎందుకు ఇలా చేస్తోంది, తెలుగులో చెప్పు" అని అడుగు. చెప్పింది కూడా కాగితం మీద ట్రేస్ చేసి సరిచూసుకో, అప్పుడప్పుడు ధీమాగా తప్పు చెబుతుంది.

కోచింగ్ తీసుకుని వచ్చినవాళ్ల గురించి ఒక్క మాట. వాళ్లకు తెలిసినవి ఎక్కువగా ప్రోగ్రాముల పేర్లు. మొదటి నెల ముందుంటారు. రికార్డులో లేని ఆ మూడు అంకెల కూడిక లాంటి ప్రశ్న వచ్చిన రోజు నువ్వూ వాళ్లూ ఒకే గీత మీద ఉంటారు.

ఈ వారం చేయాల్సింది: జీడిపప్పు గ్రేడు ప్రోగ్రామ్ నీ చేత్తో రాయి. రన్ చేసే ముందు కాగితం మీద 175, 180, 181, 320, 451, 0 ఒక్కోదానికీ ఏం వస్తుందో రాసుకో. 180కి, 181కి వేర్వేరు జవాబులు రావాలి. 451కి ఏం చెప్పాలో, అసలు పప్పే లేని 0కి ఏం చెప్పాలో నువ్వే నిర్ణయించు. తర్వాత రన్ చేసి, కాగితానికీ స్క్రీన్‌కూ ఎక్కడ తేడా వచ్చిందో ఫొటో తీసి ఇక్కడే పెట్టు, ఆదివారం చూసి చెబుతాను.